అయ్యగారికీ ఒక అయ్యగారు కావాలి

విజయవాడ నుంచి హైదరాబాదు రోడ్డు పట్టుకుని కంచికచర్ల దాటి, కీసర దగ్గర మునేటి వంతెన ఎక్కేసరికి పాత కృష్ణా జిల్లా మెట్ట నేల మొదలైపోయింది. సంక్రాంతి వెళ్ళిన రోజులు. రోడ్డుకు రెండువైపులా ఆఖరి తీతకొచ్చిన పత్తి, కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన మిర్చి. ఏటిలో నీళ్ళు ఒక పాయగా సన్నబడి ఉన్నాయి. 2024 సెప్టెంబరులో ఇదే మునేరు ఊళ్ళ మీద పడింది. పెనుగంచిప్రోలు వీధుల్లో నీళ్ళు నిలిచాయి, ఐతవరం దగ్గర జాతీయ రహదారి మునిగి వాహనాలు ఆగిపోయాయి. ఆ వరదలో తమ సంఘస్తుల ఇళ్ళు మునిగితే అన్నం పొట్లాలు మోసిన పల్లె పాస్టర్లు కొందరు పెనుగంచిప్రోలు దగ్గర నెలకోసారి కూడుకుంటున్నారని తెలిసి బయలుదేరాను. అది సువార్త సభ కాదు, స్వస్థత కూటమీ కాదు. పాస్టర్లు చదువుకునే కూడిక.

నందిగామలో బస్సు దిగి టీ తాగుతున్నప్పుడు పగోలు వెంకయ్య గుర్తొచ్చాడు. ఈ నందిగామ ప్రాంతపు రాఘవాపురం ఆయనది. మాల కుటుంబంలో పుట్టినవాడు. విగ్రహాలు దేవుళ్ళు కావన్న మాట ఎవరి నోటో విని, నిజమైన దేవుడెవరో తనకు కనబడాలని తనంతట తానే ప్రార్థన చేసుకుంటూ తిరిగాడు. బెజవాడలో కృష్ణ ఒడ్డున చర్చి మిషనరీ సొసైటీకి చెందిన డార్లింగు దొరను కలిసి, 1859లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ సొసైటీ 1841లో మచిలీపట్నంలో దిగి, నోబుల్ దొర బడి పెట్టి, పై కులాల పిల్లలకు చదువు చెప్పి వాళ్ళ ద్వారా క్రైస్తవం పల్లెలకు దిగుతుందని ఎదురు చూసింది. జరిగింది వేరు. అది పల్లెలో, మాలపల్లెలో మొదలై, చుట్టాల ఇళ్ళ మీదుగా ఊరూరికీ నడిచింది. వెంకయ్య 1891లో పోయేదాకా ఆ నడక ఆపలేదు.

ఆ ఊళ్ళన్నిటికీ దొరలు చాలరు. అప్పుడు పుట్టిన మనిషే ఉపదేశి. వారమంతా పల్లెలో పిల్లలకు అక్షరాలు దిద్దించడం, రాత్రి దీపం పెట్టి పెద్దలకు ప్రశ్నోత్తరాలు నేర్పడం, ఆదివారం ఆరాధన జరపడం, చావు ఇంట్లో ముందు నిలబడడం అన్నీ ఆయన పనే. పెద్ద చదువు ఉన్నవాడు కాదు. కానీ ఆయన పని చూసి, తప్పు దిద్దే పై మనిషి ఒకరుండేవారు. ఈ రోజు పల్లె పాస్టరుకు లేనిది ఆ పై మనిషే. ఈ ప్రయాణంలో నాకు ప్రతి మజిలీలోనూ కనబడింది అదే.

పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి ఊరు. మాఘ పౌర్ణమికి పెద్ద తిరునాళ్ళు. నేను వెళ్ళేసరికి ఆ హడావుడి మొదలైంది. ఏటి ఒడ్డున గుడి చుట్టూ కొబ్బరికాయల కొట్లు, గాజుల కొట్లు, పొంగళ్ళ పొయ్యిలకు ఇటుకలు. కృష్ణా, గుంటూరు, ఖమ్మం పల్లెల నుంచి జనం ప్రభలు కట్టుకుని వస్తారు. ఊరి జీవితం, ఊరి వ్యాపారం, ఊరి పరువు ఆ గుడి చుట్టూనే తిరుగుతాయి. ఇలాంటి ఊళ్ళో పదిహేను ఇళ్ళ సంఘానికి పాస్టరుగా ఉండడం ఎలాంటిదో పట్నంలో పెద్ద మందిరం ఉన్నవాళ్ళకు తెలియదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులుగా నమోదైనవాళ్ళు 1.34 శాతం. వాళ్ళలో మళ్ళీ ఎన్ని పాయలు! సి.ఎస్.ఐ., బాప్టిస్టు, లూథరన్, క్యాథలిక్, పెంతెకొస్తు, బ్రదరెన్, వీటన్నిటికీ బయట ఒక్కో పాస్టరు ఒక్కో పేరుతో నడుపుకునే స్వతంత్ర సంఘాలు. క్యాథలిక్ ఫాదర్‌కు సెమినరీలో ఏళ్ళ తరబడి చదువుంటుంది, పైన బిషప్పు ఉంటారు. సి.ఎస్.ఐ. పాస్టరుకు డయోసిస్ ఉంటుంది. స్వతంత్ర సంఘం పాస్టరుకు భార్య, బైబిలు, సెల్‌ఫోను ఉంటాయి.

కూడిక జరిగేది ఊరికి కాస్త దూరంలో ఒక పల్లెలో, రేకుల కప్పు మందిరంలో. పాస్టర్లకు ఆదివారం ఊపిరి సలపదు గనక సోమవారం పెట్టుకున్నారు. కీబోర్డు మీద తువ్వాలు కప్పి ఉంది. డోలక్ గోడకు ఆనించి ఉంది. కింద పట్టాలు పరిచి పదిమంది దాకా కూర్చున్నారు. ఒకరు ఆటో నడుపుతారు. ఒకరు జగ్గయ్యపేట వైపు సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసి వచ్చినవారు. ఇద్దరు కౌలుకు మిర్చి వేశారు. అందరి మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలో రిటైరైన ఒక పెద్ద పాస్టరుగారు. హైదరాబాదు వేదాంత కళాశాలలో చదివి, జీవితమంతా పల్లె పాస్టరేట్లలో పనిచేసిన మనిషి. డెబ్బై దాటాయి. తన సంఘం కానివాళ్ళకు, తన బాప్తిస్మపు పద్ధతే ఒప్పుకోనివాళ్ళకు కూడా ఆయన ప్రతి నెలా బస్సెక్కి వచ్చి చెబుతున్నారు.

పద్ధతి తేలికైనది. ఒకరు వచ్చే ఆదివారం చెప్పబోయే వాక్యం పది నిమిషాల్లో చెప్పాలి. తర్వాత పెద్దాయన ప్రశ్నలు. ఆ రోజు వంతు ఆటో నడిపే కుర్రవాడిది.

"తప్పిపోయిన కుమారుడి కథ తీసుకున్నానండీ. మా ఊళ్ళో కుర్రాళ్ళు బెట్టింగుల్లో పడి పొలాలు తాకట్టు పెడుతున్నారు. వాళ్ళకోసం."

మాట తీరు బాగుంది. గొంతు ఎత్తాల్సిన చోట ఎత్తాడు. కొడుకు పందుల పొట్టు తినడం చెబుతుంటే నిజంగానే కళ్ళు చెమర్చాయి. అయిపోయాక పెద్దాయన అన్నారు:

"బాగుందయ్యగారూ. లూకా పదిహేను మొదటి రెండు వచనాలు చదవండి. ఈ కథ ప్రభువు ఎవరు వింటుండగా చెప్పారు?"

కుర్రవాడు చదివాడు. పాపులతో కలిసి భోంచేస్తున్నాడని పరిసయ్యులు, శాస్త్రులు సణుగుతున్నారు.

"మరి కథ చివర ఎవరి దగ్గర ఆగింది?"

కాసేపు ఆలోచించి, "పెద్దకొడుకు దగ్గరండీ. ఇంట్లోకి రానని బయటే నిలబడ్డాడు."

"మీ సంఘంలో పెద్దకొడుకులెవరు?"

"ముందు వరసలో కూర్చునేవాళ్ళండీ."

వెనక నుంచి ఎవరో "మనం కూడానండీ" అన్నారు. ఎవరూ నవ్వలేదు. కుర్రవాడు పెన్సిలు తీసి నోటుబుక్కులో రాసుకున్నది సగం కొట్టేసి, కింద కొత్తగా మొదలుపెట్టాడు. ఆ ఆదివారం అతని సంఘంలో బెట్టింగు కుర్రాళ్ళను తిట్టే ప్రసంగం బదులు, వాళ్ళు తిరిగొస్తే తలుపు తీయమని పెద్దలను అడిగే ప్రసంగం వినబడి ఉంటుంది. వేదాంత విద్య అంటే లావుపాటి పుస్తకాలే అనుకునేవాళ్ళు ఈ పది నిమిషాలు చూడాలి. ఎవరికి చెప్పాడు, ఎందుకు చెప్పాడు అని ఒక వచనాన్ని నిలదీసి అడగడం వస్తే, యూట్యూబులో విన్న ప్రసంగాన్ని అప్పజెప్పే అవసరం పాస్టరుకు ఉండదు.

తర్వాత కష్టాలు చెప్పుకునే వేళ. ఇక్కడే నాకు చాలా సంగతులు తెలిశాయి.

ఒక పాస్టరు వచ్చే నెలలో పెళ్ళి చేయాలి. ఇంతవరకు చేసినవాటికి తనే సర్టిఫికెట్ రాసి ఇచ్చాడు. ఈసారి పెళ్ళికొడుకు గల్ఫ్ వెళ్తున్నాడు, ఆ కాగితం చెల్లదంటున్నారు. పెద్దాయన 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం గురించి చెప్పారు. బిషప్పు చేతుల మీదుగా అభిషేకం పొందినవారో, ప్రభుత్వం లైసెన్సు ఇచ్చిన బోధకుడో, మ్యారేజి రిజిస్ట్రారో, ఇలా చట్టం చెప్పినవాళ్ళు జరిపితేనే ఆ చట్టం కింద పెళ్ళి నిలుస్తుంది. "మీరు ప్రార్థన చెయ్యండి, వాక్యం చెప్పండి. పెళ్ళి మాత్రం లైసెన్సు ఉన్న అయ్యగారితో జరిపించండి. రేపు ఆ పిల్లకు కష్టం వస్తే కోర్టులో ఈ కాగితమే మాట్లాడాలి."

ఇంకొకరి సంఘంలో షుగరున్న ఒకావిడ ప్రార్థనతో బాగైపోయానని ఇన్సులిన్ మానేసింది. పెద్దాయన గొంతు అప్పుడు గట్టిపడింది. "ఇవాళ సాయంత్రమే వెళ్ళండి. తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చెయ్యండి. ఆ చేత్తోనే మందు తీసిచ్చి, వేసుకునేదాకా కూర్చోండి. సువార్త రాసిన లూకాయే వైద్యుడని చెప్పండి."

మరొకరి కష్టం ఇంటర్ చదివే పిల్లాడి దరఖాస్తు. కులం, మతం గడుల్లో ఏం రాయాలని తల్లి అడిగింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవారికే ఎస్సీ హోదా. క్రైస్తవం తీసుకున్న ఎస్సీలు మన దగ్గర బీసీ-సిలోకి వస్తారు, దాని రిజర్వేషను ఒక శాతం. పల్లె క్రైస్తవంలో ఎక్కువమంది దళితులే గనక ఈ ప్రశ్న ప్రతి పాస్టరు గుమ్మంలోకీ వస్తుంది. పెద్దాయన సమాధానం నాకు నచ్చింది. "అబద్ధం రాయమని చెప్పకండి. క్రైస్తవుడినని రాయకపోతే నరకానికి పోతావని బెదిరించకండి. చట్టం ఏమంటుందో ఉన్నదున్నట్టు చెప్పండి. నిర్ణయం ఆ తల్లికి వదిలి, ఆమె ఏం చేసినా ఆదివారం ఎప్పటిలాగే పలకరించండి."

తిరునాళ్ళ సంగతీ వచ్చింది. ప్రభలు తమ మందిరం ముందు నుంచే వెళ్తాయి, ఆ రాత్రి ఉపవాస కూడిక ఉంది, మైకు పెట్టాలా వద్దా అని ఒకరు అడిగారు. "కట్టేయండి. నడిచొచ్చేవాళ్ళకు మంచినీళ్ళ కుండలు పెట్టండి. రేపు వరదొస్తే మీరూ వాళ్ళూ ఎక్కేది ఒకే మిద్దె" అన్నారాయన. మైనారిటీగా బతికే సంఘానికి పొరుగువాడితో మెలగడం నేర్పని వేదాంత విద్య సగం విద్యే.

టీలు తెచ్చిచ్చిన పాస్టరమ్మగారు గుమ్మంలో నిలబడి అంతా విని అన్న మాట మాత్రం ఆ మధ్యాహ్నమంతా నన్ను వదల్లేదు. "ఆడవాళ్ళు ఇంట్లో దెబ్బలు తిని రాత్రిపూట వచ్చేది నా దగ్గరికండీ, ఆయన దగ్గరికి కాదు. వాళ్ళకేం చెప్పాలో నాకెవరు చెబుతారు?" పెద్దాయన కాసేపు ఆగి, వచ్చే నెల నుంచి అమ్మగార్లను కూడా పట్టా మీద కూర్చోబెట్టండి అన్నారు.

సాయంత్రం జగ్గయ్యపేట చేరి, చీకటి పడకముందే ధనబోడు ఎక్కాను. ఇటుకల బౌద్ధ స్తూపం పునాదులు, చుట్టూ పలకలు. పురావస్తు పండితుడు బర్జెస్ 1880ల్లో ఇక్కడ తవ్వించి ప్రకటించిన శాసనాల్లో ఒకటి ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి నాటిది. దానికంటే నా మనసుకు పట్టింది తర్వాతి కాలపు చిన్న శాసనం. నాగార్జునాచార్యుడి శిష్యుడు జయప్రభాచార్యుడు, ఆయన శిష్యుడు చంద్రప్రభుడు బుద్ధ ప్రతిమను నిలిపాడని అందులో ఉంది. తన పేరు చెక్కించుకోవడానికి ముందు గురువు పేరు, ఆ గురువుకు గురువు పేరు చెప్పుకున్నాడు. బౌద్ధుల వినయ నియమం ప్రకారం కొత్తగా సంఘంలో చేరిన భిక్షువు కనీసం ఐదేళ్ళు ఒక పెద్ద భిక్షువు నీడలో ఉండాలి. మతం ఏదైనా ఈ మెట్ట నేలకు గురుపరంపర కొత్త కాదు. తిమోతికి పౌలు ఉన్నట్టే చంద్రప్రభుడికి జయప్రభాచార్యుడున్నాడు. ఈ రోజు పల్లె పాస్టరును "మీ గురువెవరు?" అని అడిగితే చాలామంది ఒక టీవీ చానెల్ పేరు చెబుతారు.

మర్నాడు మధిర వెళ్ళి రైలెక్కి డోర్నకల్‌లో దిగాను. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా. కొత్తగూడెం వైపు లైను విడిపోయే జంక్షను. ఊళ్ళో అజరయ్య బిషప్పు కట్టించిన ఎపిఫనీ కథీడ్రల్, 1939లో ప్రతిష్ఠించినది, గుడి, మసీదు, చర్చి పోలికలు మూడూ కలుపుకుని నిలబడి ఉంది. వేదనాయకం శామ్యూల్ అజరయ్య తిరునల్వేలి తమిళుడు. 1909లో ఇక్కడికి వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో నిలబడి, మీరు మాకు డబ్బూ ప్రాణమూ ఇచ్చారు, మాకు కావలసింది స్నేహం అని తెల్లవాళ్ళ ముఖాన చెప్పారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందిన మొదటి భారతీయ ఆంగ్లికన్ ఆయనే. తర్వాత మన కృష్ణా జిల్లా సంఘాలు కూడా ఆయన డయోసిస్‌లో కలిశాయి.

ఆయన దగ్గర పల్లె సేవకుల శిక్షణ ఎలా ఉండేదో తెలుసుకోవడానికే నేను అక్కడ దిగింది. శిక్షణకు మగవాళ్ళు ఒంటరిగా రాకూడదు, భార్యతో రావాలి. భార్యలకూ పాఠాలుండేవి. అజరయ్య సతీమణి అన్బుగారు ఆ పని చూసేవారు. చదువుతోపాటు తోటపని, శుభ్రం ఉండేవి. పల్లె నుంచి వచ్చినవాడు పట్నపు అలవాట్లతో తిరిగి వెళ్ళకూడదన్నది ఆయన పట్టుదల. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాలను పల్లె నుంచి తరమడం కూడా సువార్తలో భాగమేనని చెప్పేవారు. ఏడాదిలో చాలా రోజులు బండి మీద ఊళ్ళు తిరుగుతూ తన ఉపదేశులను వాళ్ళ పల్లెల్లోనే కలుసుకునేవారు. 1945 జనవరి 1న ఆయన పోయేనాటికి డయోసిస్‌లో సభ్యులు రెండు లక్షలు దాటారు. పెనుగంచిప్రోలులో ఆ పాస్టరమ్మగారు అడిగిన ప్రశ్నకు వందేళ్ళ కింద ఇక్కడ జవాబుండేది. ఆ జవాబును మనం ఎక్కడో జారవిడుచుకున్నాం.

ఎలా జారిపోయిందో కూడా కనబడుతూనే ఉంది. 1947లో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడింది. 1964లో వేర్వేరు మిషన్ల సెమినరీలు కలిసి రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల అయ్యాయి. 1970ల మొదట్లో అది హైదరాబాదుకు తరలింది. సెరాంపూర్ వేదాంత డిగ్రీలు వచ్చాయి, పండితులు వచ్చారు. అది గొప్ప మేలే. పెద్దాయన లాంటివారు అక్కడినుంచే వచ్చారు. సి.ఎస్.ఐ. 1976 నుంచి స్త్రీలకు గురుపట్టం ఇస్తోంది. నంద్యాల డయోసిస్‌కు 2013లో ఎగ్గోని పుష్పలలిత గారు బిషప్పు అయ్యారు. కానీ ఈ మధ్యలో పల్లెల్లో పెరిగింది స్వతంత్ర సంఘాలు. వాటి పాస్టరు పొలం, ఆటో, సంఘం వదిలి నాలుగేళ్ళు హాస్టల్లో ఉండలేడు. పదో తరగతి తప్పినవాడికి కళాశాల తలుపు తెరుచుకోదు. అందుకని కొన్ని వారాల్లో పట్టాలిచ్చే చోట్లు పుట్టాయి. కొందరైతే డబ్బు కట్టి 'డాక్టర్' బిరుదులు తెచ్చుకుంటున్నారు. ఇలాంటి పట్టా గోడకు మేకు లాంటిది. ఫొటో తగిలించుకోవచ్చు గానీ, ఇల్లు దాని మీద నిలబడదు.

దారులు లేక కాదు. 1963లో గ్వాటెమాలాలో ప్రెస్బిటేరియన్ సెమినరీవాళ్ళకు ఇదే ఇబ్బంది వచ్చింది. పల్లె పెద్దలు బడికి రాలేకపోతే బడినే వాళ్ళ దగ్గరికి పంపారు. ఇంట్లో చదువుకునే పుస్తకం, వారానికోసారి గురువుతో కూర్చోవడం. ఆ పద్ధతితోనే 1971లో బెంగళూరు కేంద్రంగా టాఫ్టీ అనే వేదాంత విద్యా సంస్థ మొదలైంది. మన హైదరాబాదులోనే భక్త సింగ్ 1950లో స్థాపించిన హెబ్రోనులో యువకులు పెద్దలతో కలిసి వండుకుని, ఊడ్చుకుని, ప్రార్థించి, వాళ్ళ వెంట తిరిగి సేవ నేర్చుకున్నారు. పుస్తకమూ కావాలి, పెద్దవాడి తోడూ కావాలి. ఒకటి ఉండి రెండోది లేకపోతే, పుస్తకం ఉన్నవాడు పల్లెకు పనికిరాడు, తోడు మాత్రమే ఉన్నవాడు ఆ పెద్దవాడి తప్పులు కూడా నేర్చుకుంటాడు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నమోదైన పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఇస్తోంది. దానిమీద అనుకూలంగా, ప్రతికూలంగా చాలా మాటలున్నాయి. నా మాట ఒక్కటే. డబ్బు ప్రభుత్వం ఇవ్వగలదు. వాక్యం సరిగ్గా విప్పడం, ఇన్సులిన్ మానిన అమ్మ పక్కన కూర్చోవడం, కోర్టులో నిలిచే పెళ్ళి చేయించడం, తిరునాళ్ళ రాత్రి మంచినీళ్ళు పెట్టడం ప్రభుత్వం నేర్పదు. అది సంఘం సంఘానికి చెయ్యాల్సిన పని.

అందుకే అడుగుతున్నాను. రిటైరైన పాస్టరుగార్లూ, మీ గదిలో బీరువా నిండా పుస్తకాలున్నాయి, మీ తలలో నలభై ఏళ్ళ పల్లెలున్నాయి. నెలకో సోమవారం బస్సెక్కండి. మీ సంఘం కాదని చూడకండి. డయోసిస్‌లూ, కళాశాలలూ, మీ పాఠాల్లో కొన్నిటిని తేలిక తెలుగులో చిన్న పుస్తకాలు చేసి, పదో తరగతి తప్పినవాడికీ, పాస్టరమ్మగారికీ అందించండి. పట్నం పెద్ద మందిరాలవాళ్ళూ, కొత్త సౌండు సిస్టము కొనే ముందు ఒక పల్లె పాస్టరుకు మంచి వ్యాఖ్యాన గ్రంథాలూ, నెల నెలా బస్సు చార్జీలూ ఇవ్వండి. సంఘస్తులారా, మీ అయ్యగారు సోమవారం చదువుకోవడానికి వెళ్తుంటే ఆ రోజు ప్రార్థనకు పిలవకండి. ఆయన చదివిన ప్రతి పేజీ వచ్చే ఆదివారం తిరిగి మీ దగ్గరికే వస్తుంది.